ముసలి కుక్క అన్నం ముట్టనప్పుడు: ఏం పెట్టాలి, ఎప్పుడు ఆపాలి

కందుకూరు అన్నా, మీరు అడిగింది ఇదీ. పదమూడేళ్ల మగ లాబ్రడార్, 26 కిలోలు. ఐదు రోజులుగా అన్నం ముట్టలేదు. నీళ్లు తాగుతా ఉంది, తాగిన గంటకు కక్కేస్తా ఉంది. రక్త పరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే అంకె) 7.4 వచ్చింది. మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. అమ్మగారు సిరంజితో అయినా గంజి పట్టమంటున్నారు. ఏం పెడితే తింటుంది, ఇంకా ఎన్ని రోజులు ఉంటుంది అన్నవి మీ ప్రశ్నలు.

ముందు ఎందుకు తినడం లేదో తేలాలి. అది తేలకుండా ఈ పూట చికెన్, రేపు గుడ్డు, ఎల్లుండి కొత్త ప్యాకెట్ అని మార్చుకుంటా పోతే కుక్కకు ఒక్కొక్క వాసన మీదా విరక్తి పుడుతుందే గానీ ఆకలి పుట్టదు. గిన్నె పెట్టి రెండు నిమిషాలు పక్కన కూర్చుని చూడండి. దగ్గరకు వచ్చి, వాసన చూసి, పెదాలు నాక్కుని, చొంగ కార్చి మొహం తిప్పుకుంటే అది వికారం. నోట్లోకి తీసుకుని ఒక పక్కనే నమిలి, కింద పడేసి, మళ్లీ తీసుకుంటే నోట్లో బాధ ఉన్నట్టు: కదులుతున్న పన్ను, చిగురు కింద చీము, నాలుక అంచున పుండు. అసలు తల కూడా ఎత్తకపోతే జ్వరమో, నొప్పో, ఒంట్లో సత్తువ పూర్తిగా దిగిపోవడమో. కిడ్నీలు దెబ్బతిన్న కుక్కకు మొదటి రెండూ కలిసి వస్తాయి. యూరియా రక్తంలో పేరుకుని కడుపులోనూ నోట్లోనూ పుండ్లు పడతాయి, ఊపిరి మూత్రం వాసన కొడుతుంది.

పెదవి ఎత్తి చూసేముందు ఒక జాగ్రత్త. టీకాలు సరిగా పడని కుక్క గొంతు మారి, దవడ వేలాడేసి, చొంగ కారుస్తా, మింగలేకపోతా ఉంటే నోట్లో చెయ్యి పెట్టొద్దు. రేబిస్ కూడా ఇట్టాగే మొదలవ్వచ్చు. మీ కుక్కకు టీకాలు పడి ఉంటే భయం లేదు, చూడండి. చిగురు మీద వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకు రావాలి. నూనె రాసిన థర్మామీటర్ మలద్వారంలో పెడితే 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ డిగ్రీల మధ్య చూపించాలి. 103 దాటితే జ్వరం. 99 కంటే తక్కువ అయితే ఒళ్లు చల్లబడతా ఉందని, పరిస్థితి చేయి దాటుతా ఉందని అనుకోవాలి. నిద్రలో ఊపిరి నిమిషానికి 30 లోపు ఉండాలి. ఈ మూడూ పూటకోసారి కాగితం మీద రాసిపెట్టండి. డాక్టరుకు ఫోన్ చేసినప్పుడు "డల్‌గా ఉంది సార్" అనడం కన్నా ఈ అంకెలు చెబితే ఆయనకు ఎక్కువ పనికొస్తాయి.

ఇక 7.4 సంగతి. ప్రపంచమంతా పశువైద్యులు కిడ్నీ జబ్బు దశ తేల్చడానికి వాడే ఐరిస్ లెక్కలో కుక్క క్రియాటినిన్ 5 దాటితే నాలుగో దశ, అంటే ఆఖరుది. కానీ ఆ లెక్క ఒంట్లో నీరు సరిపడా ఉండి నిలకడగా ఉన్న కుక్కకే. ఐదు రోజులు వాంతులు చేసుకున్న కుక్కలో నీరు తగ్గినందువల్ల కూడా ఆ అంకె పైకి పోతుంది. అందుకే సెలైన్ పడ్డాక మళ్లీ పరీక్ష చేయించాలి. అది చేయించినట్టు మీరు చెప్పలేదు. రేపే చేయించండి. 7.4 కాస్తా 4కో 3.5కో దిగితే ఇంకా కొంతకాలం లాగొచ్చు. 7 దగ్గరే ఆగినా, పెరిగినా దాని అర్థం వేరు. అట్టాగే మూత్ర పరీక్ష, పొట్ట స్కానింగ్ అడగండి. కిడ్నీలు చిన్నగా ముడుచుకుపోయి ఉంటే అది ఏళ్ల తరబడి సాగిన జబ్బు. మామూలు సైజులో ఉన్నా, ఉబ్బి ఉన్నా ఈమధ్య వచ్చిన దెబ్బ కావొచ్చు. మన వైపు అట్టా దెబ్బ కొట్టేవాటిలో ముఖ్యమైనవి రెండు. ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ ఒకటి. వరి మళ్లు, ధాన్యం గోదాములు ఉన్న చోట దీన్ని మరిచిపోకూడదు, మనుషులకూ అంటుతుంది కాబట్టి తేలేదాకా మూత్రం తుడిచేటప్పుడు గ్లౌజులు వేసుకోండి. రెండోది పిడుదుల జ్వరం. రెండింటికీ మందులున్నాయి. పదమూడేళ్లు కదా, వయసు మీద పడింది అని వీటిని చూడకుండా వదిలేస్తే తర్వాత బాధపడేది మీరే.

ఆడకుక్కలు ఉన్నవాళ్ల కోసం ఇక్కడే ఒక ముక్క: గర్భసంచి తీయించని ముసలి ఆడకుక్క ఎదకు వచ్చిన ఒకటి రెండు నెలల్లో అన్నం మాని, నీళ్లు తెగ తాగతా ఉంటే గర్భసంచిలో చీము పట్టిందేమో అదే రోజు చూపించాలి. కింద చీము కారకపోయినా సరే. దాన్ని ముసలితనం అనుకుని ఇంట్లో కూర్చోబెట్టకూడదు, ఆపరేషన్‌తో బతికే జబ్బు అది.

వికారం తగ్గకుండా తిండి గురించి మాట్లాడుకోవడం దండగ. మారోపిటాంట్, ఆండాన్‌సెట్రాన్ రెండూ కుక్కలకు బాగా పనిచేసే వాంతి మందులు. ఆండాన్‌సెట్రాన్ మనుషుల మందుల షాపులోనే దొరుకుతుంది. కడుపులో పుండ్లకు పాంటోప్రజోల్ లాంటిది జతచేస్తారు. కక్కే కుక్కకు మాత్ర మింగించి లాభం లేదు, మొదటి రెండు రోజులు ఇంజక్షన్ రూపంలోనే ఇమ్మని అడగండి. వాంతి ఆగినంత మాత్రాన వికారం తగ్గినట్టు కాదు. పెదాలు నాకడం, చొంగ, గడ్డి కొరకడం కూడా ఆగాలి. అది ఆగాక కూడా తినకపోతే అప్పుడు ఆకలి పుట్టించే మిర్టాజపిన్ సంగతి డాక్టరుతో మాట్లాడండి. కిడ్నీ జబ్బులో దాని మోతాదు తగ్గించాలి. ట్రామడాల్ అనే నొప్పి మందు వాడతా ఉంటే ఆ మాట ముందే చెప్పండి, రెండూ కలిస్తే వణుకు, ఒళ్లు కాలడం, కంగారు పుట్టొచ్చు. లివర్ టానిక్కులు, బీకాంప్లెక్స్ సీసాలు మాత్రం పక్కన పెట్టండి. వికారంతో ఉన్న కుక్క గొంతులో ఆ తీపి సిరప్పు పోస్తే నోట్లో ఉన్న కాస్త రుచీ పోతుంది.

ఇప్పుడు సిరంజి గంజి. ఇంట్లో పెద్దవాళ్ల ప్రాణం దీని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి లెక్క చెబుతాను, అమ్మగారికి వినిపించండి. 26 కిలోల కుక్క కదలకుండా పడుకున్నా రోజుకు సుమారు 800 కిలోకేలరీలు కావాలి. సిరంజిలో ఎక్కేంత పల్చటి గంజి 100 మిల్లీలీటర్లలో ఉండేది మహా అయితే 35. అంటే రెండు లీటర్ల పైచిలుకు గంజి, పది మిల్లీలీటర్ల సిరంజితో రెండు వందలకు పైగా సార్లు. ఏ ఇంట్లోనూ అది జరగదు. జరిగేది ఏంటంటే, రోజుకు ఇరవై సిరంజిలు పెనుగులాడి పట్టి, పది కింద కారిపోయి, రెండు ఊపిరితిత్తుల్లోకి పోయి, మూడో రోజు న్యుమోనియా మొదలవుతుంది. ఆపైన కుక్క మిమ్మల్ని చూస్తే మంచం కిందికి పోతుంది. ఆఖరి రోజుల్లో మీ చెయ్యి చూసి భయపడేట్టు చేసుకోవద్దు.

సిరంజిని పూర్తిగా కాదనడం లేదు. దానికీ చోటుంది. వాంతి అదుపులోకి వచ్చి, కుక్క తల నిలబెట్టి, మింగగలుగుతూ, రెండో పరీక్ష ఆశ చూపిస్తే రెండు మూడు రోజులు ఆసరాగా వాడొచ్చు. బోర్లా కూర్చోబెట్టి, తల నేలకు సమంగా ఉంచి (ఆకాశం వైపు ఎత్తడం వల్లనే అంతా గొంతు తప్పుతుంది), పెదవి పక్కన బుగ్గ సంచిలోకి రెండు మూడు మిల్లీలీటర్లు వదిలి, మింగేదాకా ఆగాలి. దగ్గితే ఆ పూటకు చాలు. ఒక పక్కకు పడిపోయి ఉన్న కుక్కకు, మగతలో ఉన్నదానికి చుక్క కూడా పోయొద్దు.

చేతితో పెట్టే తిండి వేరు. అది కుక్క ఇష్టం, కాదంటే మానేస్తుంది. వికారం మందు పడ్డ గంట తర్వాత, చల్లపూట, బొటనవేలంత ముద్ద. గోరువెచ్చగా ఉండాలి, అంటే మీ మణికట్టు మీద వేస్తే వేడీ చలవా తెలియనంత. ముసలి కుక్కకు ముక్కు మొద్దుబారుతుంది, వెచ్చదనంలో వాసన పైకి లేస్తుంది. లోతు గిన్నెలో కాకుండా పళ్లెంలో, అరడుగు ఎత్తు పీట మీద పెట్టండి, మెడ వంచే బాధ తప్పుతుంది. పావుగంట చూసి తీసేయండి. మూతి దగ్గర రోజంతా తిండి ఉంటే వికారం పెరుగుతుంది, ఈగలూ చేరతాయి. మాత్రను ముద్దలో దాచే అలవాటు ఇప్పుడు మానాలి, ఒక్కసారి చేదు తగిలితే ఆ పదార్థం జన్మలో ముట్టదు.

ఏం పెట్టొచ్చంటే, ఉప్పూ ఉల్లీ లేకుండా ఉడికించిన చికెన్, దాని నీళ్లు, నలిపిన కార్జం రెండు ముక్కలు, గుడ్డు, ముల్లు తీసిన కొరమీను, పలచటి పెరుగన్నం. మన తీరంలో దొరికే ఎండు నెత్తళ్లు చాలా కుక్కల్ని గిన్నె దాకా రప్పిస్తాయి. కానీ వాటిని రాత్రంతా నానబెట్టి, నీళ్లు రెండు మూడు సార్లు మార్చి, ఉడికించి, ఉప్పు పోగొట్టి అప్పుడు నాలుగు నలిపి అన్నం మీద చల్లాలి. గుండె జబ్బున్న కుక్కకు అదీ వద్దు. కిడ్నీ ప్యాకెట్ తిండి మంచిదే, కానీ తినే కుక్కకు. ఏమీ ముట్టని కుక్క ముందు ఆ ప్యాకెట్ పెట్టి, తింటే ఇదే తినాలని పట్టుబట్టడం తప్పు. ఈ దశలో నాలుగు ముద్దలు ఏవి తిన్నా లాభమే.

ఏది తిన్నా అన్నానని చేపల పులుసు పెట్టేరు. పెద్దాయన ఇష్టంగా తినేవాడు కదా అని ఆఖరి కోరికగా పెట్టేవాళ్లు మన జిల్లాలో ఎంతమందో. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఎక్కువ. ద్రాక్ష, కిస్‌మిస్ తిన్న కుక్కల కిడ్నీలు దెబ్బతినడానికి ఆ ఆమ్లమే కారణమని పశువైద్యులు ఇప్పుడు అనుమానిస్తున్నారు, చింతపండు తిన్న కుక్కల్లోనూ అదే దెబ్బ కనిపించింది. పులుసులో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉంటాయి, అవి ఎర్ర రక్తకణాల్ని పగలగొడతాయి. ముక్క కావాలంటే పులుసులో వేయకముందే పక్కకు తీసి నీళ్లలో ఉడికించండి. కొబ్బరినీళ్లు కూడా వద్దు, వాటిలో పొటాషియం ఎక్కువ, మూత్రం సరిగా రాని కుక్క గుండెకు అది ప్రమాదం. ఉడికిన ఎముకలు ఎప్పుడూ వద్దే.

సెలైన్ కోసం రోజూ ఆటోలో ఎక్కించి దించడం కుక్కకు నరకం. చర్మం కింద ఎక్కించే పద్ధతి డాక్టరు దగ్గర ఒకసారి చేతులారా నేర్చుకుంటే ఇంట్లోనే చేయొచ్చు. 18 గేజి సూది, రింగర్ లాక్టేట్ సీసా. ఈ బరువుకు ఒక విడతకు 250 నుంచి 500 మిల్లీలీటర్ల మధ్య డాక్టరు చెప్పినంత. సీసాను వేడినీళ్ల బకెట్లో పెట్టి ఒంటి వెచ్చదనానికి తేవాలి. రెండు భుజాల మధ్య చర్మాన్ని గుడారంలా ఎత్తి, ఆ మడతలోకి సూది దించాలి. అక్కడ బుడగలా ఉబ్బి, సాయంత్రానికి ముందుకాలి వైపు జారితే కంగారు పడొద్దు. ఆరు నుంచి ఎనిమిది గంటల్లో ఇంకిపోతుంది. తెల్లారినా ఆ ఉబ్బు అట్టాగే ఉంటే రక్తప్రసరణ మందగించినట్టు, ఇంక ఎక్కించొద్దు. గ్లూకోజు సీసాలు చర్మం కింద ఎక్కించకూడదు, మంట పుట్టి చర్మం చెడుతుంది. గుండె జబ్బు ఉన్నా, ఊపిరి 40 దాటి ఆడతా ఉన్నా నీళ్లు ఎక్కించడమే హాని.

రెండో పరీక్షలో అంకె దిగలేదనుకుందాం. అప్పుడు పని మారుతుంది. తిండి లెక్క పక్కన పెట్టి కుక్కకు ఇబ్బంది లేకుండా చూసుకోవాలి. పోయేముందు ఒళ్లు తిండిని తానే వద్దంటుంది, ఆ స్థితిలో కడుపులో వేసింది అరగదు, వాంతిగా వస్తుంది. "ఆకలితో మాడ్చి చంపాం" అన్న మాట ఇంట్లో ఎవరూ అనొద్దు, అననివ్వొద్దు.

నోరు ఎండిపోకుండా రెండు మూడు గంటలకోసారి తడిపిన పత్తిగుడ్డతో చిగుళ్లు, నాలుక తుడవండి. నీళ్ల గిన్నె మూతికి అందేంత దగ్గర. లేవలేకపోతే మూడు గంటలకోసారి పక్క మార్చాలి, మోచేతుల దగ్గర, తుంటి దగ్గర పడక పుండ్లు పడేది ముందు ఎరుపుగా, తర్వాత తడిగా కనపడుతుంది. పరుపు మీద ప్లాస్టిక్ కాగితం, దాని మీద పాత దుప్పటి, పైన పిల్లల డైపర్ షీటు. చీమకుర్తి గ్రానైటు నున్నగా పరిచిన ఇళ్లలో ముసలి కుక్క లేవబోయి జారి కాళ్లు బార్లా చాపేస్తుంది, మూత్రానికి పోయే దారంతా గోనెసంచులు పరవండి. తోక కింద, తొడల మధ్య వెంట్రుకలు పొట్టిగా కత్తిరించి, గోరువెచ్చటి నీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరబెట్టాలి. ఇది అందం కోసం కాదు. మన ఎండలో, ఈగల్లో, తడి వెంట్రుక దగ్గర ఒక్క రోజులో పురుగులు పడతాయి. పగలు కూడా దోమతెర కట్టడం అన్నిటికన్నా చవకైన మందు. రోహిణి కార్తెలో అయితే తడిగుడ్డ పాదాలకు, పొట్టకు. కానీ థర్మామీటరు 100 కంటే తక్కువ చూపిస్తా ఉంటే కూలరు ముందు నుంచి జరిపి దుప్పటి కప్పండి. బయట 43 ఉన్నా కిడ్నీ పోయిన కుక్కకు లోపల చలేస్తుంది.

నొప్పికి ఇంట్లో ఉన్న మాత్ర సగం వేయడం దయచేసి చేయొద్దు. డైక్లోఫెనాక్‌ను రాబందులు చచ్చిపోతున్నాయని 2006లో పశువులకు నిషేధించారు. కుక్క కడుపుకూ కిడ్నీలకూ కూడా అది హానే. అసెక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ అంతే. కుక్కలకే రాసే మెలాక్సికామ్ కూడా ఈ క్రియాటినిన్‌లో వద్దు. గాబాపెంటిన్ తక్కువ మోతాదులోనో, బ్యూటార్ఫనాల్ లాంటి ఇంజక్షన్లో డాక్టరు చూస్తారు.

ఇక కారుణ్య మరణం, అంటే బాధ లేకుండా ఇంజక్షన్‌తో పంపే నిర్ణయం గురించి. గోడ క్యాలెండర్ మీద ప్రతి రాత్రి ఒక గుర్తు పెట్టండి. బాగున్న రోజుకు టిక్కు, బాధపడ్డ రోజుకు అడ్డగీత. ఇంట్లో ఇద్దరు విడివిడిగా పెడితే ఇంకా మంచిది. వారంలో గీతలు ఎక్కువైతే మీకే తెలుస్తుంది. ఇంకాస్త వివరంగా కావాలంటే అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విలాలోబోస్ చేసిన లెక్క ఉంది: నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజుల కన్నా మంచి రోజులు ఎక్కువ ఉన్నాయా అన్నది. ఒక్కోదానికి పదికి మార్కులు, ఎంత బాగుంటే అంత ఎక్కువ. మొత్తం 35 దాటితే లాగొచ్చు. ముందే ఇంట్లో ఒక గీత గీసుకోండి. వాంతిలో రక్తం వచ్చినా, ఫిట్స్ వచ్చినా, 24 గంటలు మూత్రం రాకపోయినా ఇంక ఆగం అని. అర్ధరాత్రి ఫిట్స్ వస్తున్నప్పుడు ఆ మాట తేల్చుకోలేరు, ఆ వేళకు డాక్టరూ దొరకడు. దానంతట అదే నిద్రలో పోతుందిలే అన్న ఆశ గుండె జబ్బులో కొన్నిసార్లు నిజమవుతుందేమో గానీ కిడ్నీ జబ్బులో అరుదు. యూరియా చావు మెత్తగా ఉండదు. నా సలహా, రెండో అంకె దిగకపోతే వారం ఆగొద్దు.

కారుణ్య మరణం ఇంటికి వచ్చి చేసే ప్రైవేటు డాక్టర్లు ఒంగోలు, నెల్లూరుల్లో ఎవరున్నారో ముందుగా కనుక్కుని పెట్టుకోండి. పరీక్షల కోసం తిరుపతి పశువైద్య కళాశాలకో, గన్నవరం కళాశాలకో, చెన్నై వేపేరిలో ఉన్న పశువైద్య కళాశాలకో తీసుకెళ్లడం ఆశ ఉన్నప్పుడు సరే. ఆశ లేనప్పుడు ఆ హైవే ప్రయాణం కుక్కకు శిక్ష. పద్ధతి తెలిసి ఉంటే భయం తగ్గుతుంది. ముందు మత్తు ఇంజక్షన్, పది పదిహేను నిమిషాల్లో గాఢంగా నిద్రపోతుంది. జైలజిన్ ఇస్తే ఒకసారి కక్కొచ్చు. తర్వాత ముందుకాలి నరంలో సూది పెట్టి థయోపెంటోన్ లేదా పెంటోబార్బిటాల్ ఎక్కువ మోతాదులో ఎక్కిస్తారు. కళ్లు తెరుచుకునే ఉంటాయి, ఒకటి రెండు పెద్ద ఊపిర్లు, కండరాల అదురు, మలమూత్రాలు రావొచ్చు. అప్పటికి దానికి తెలివి ఉండదు. మత్తు ఇవ్వకుండా నేరుగా మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కిస్తామంటే ఒప్పుకోవద్దు, గుండె ఆగేదాకా దానికి అంతా తెలుస్తుంది. స్టెతస్కోపు పెట్టి, కంటిపాప ముట్టి చూసి నిర్ధారించాకే డాక్టరును పంపండి.

ఎన్ని రోజులు అని అడిగారు. నీళ్లు నిలుస్తా ఉంటే వారం, పది రోజులు సాగొచ్చు. నీళ్లు కూడా మానేస్తే మామూలుగా రెండు మూడు రోజులు. పాదాలు, చెవులు చల్లబడటం, చిగుళ్లు తెల్లబడటం లేదా బూడిద రంగుకు తిరగడం, ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరగడం చూస్తే గంటల్లో ఉందని. ఆ వేళ నోట్లో తులసి తీర్థం పోయకుండా పెదవి తడపండి చాలు, మింగలేదు.

పూడ్చడానికి నాలుగు అడుగులకు తగ్గకుండా గొయ్యి తీయించండి. మత్తు మందుతో పోయిన కుక్క మాంసంలో ఆ మందు మిగిలే ఉంటుంది, వేరే కుక్కలో నక్కలో తవ్వి తింటే అవీ చస్తాయి. బావికీ బోరుకూ కనీసం వంద అడుగుల దూరం. నల్లరేగడి అయితే ఎండాకాలం నెర్రెలిచ్చి వాసన బయటికి వస్తుంది, మట్టి బాగా తొక్కి ఒక అడుగు ఎత్తుగా పోయండి. సముద్రం వైపు ఇసుక నేలలైతే కుక్కలు ఒక్క రాత్రిలో తోడేస్తాయి, పైన బండరాళ్లు పరిచి, వాటి మీద తుమ్మ కంప వేయించండి. ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టొద్దు, నూలు దుప్పటి చాలు. గొయ్యి తీసే మనిషిని ముందురోజే మాట్లాడిపెట్టుకోండి, మే నెలలో మధ్యాహ్నం పూట ఎవరూ రారు.